నొప్పే లేదంటున్న నాయనకు గుండె స్కాన్ అవసరమా? (గుండెపోటు వచ్చి ఐదు నెలలు)

చంద్రగిరి పాప — సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా నాయనకు 62 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, సర్వీసులో సగానికి పైగా తిరుమల ఘాట్ రోడ్డు మీదే. పదహారేళ్ళుగా షుగర్ ఉంది. ఐదు నెలల కింద గుండెపోటు వచ్చింది కానీ అది గుండెపోటని ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే నొప్పి అనే మాటే లేదు. రాత్రి అన్నం తిన్నాక ఒళ్ళంతా చెమట పట్టి బనియను పిండితే నీళ్ళు కారేలా తడిసిపోయింది. వాంతి వచ్చేలా ఉందంటే అమ్మ నిమ్మకాయ సోడా కలిపిచ్చింది, తాగి పడుకున్నారు. తెల్లారి "కాళ్ళల్లో బలం ల్యాదు పాపా" అంటే ఆటోలో తీసుకుపోయాం. ఈసీజీ చూడగానే అక్కడ అందరూ పరుగులు పెట్టారు. ముందువైపు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటే స్టెంట్ వేశారు. కుడి నాళంలో ఇంకో అడ్డంకి ఉంది, సుమారు 70 శాతం, దాన్ని ప్రస్తుతానికి మందులతో చూద్దాం అన్నారు.

ఇప్పుడు మందులన్నీ టైముకు వేసుకుంటున్నారు. ఎకోలో పంపింగ్ (గుండె రక్తాన్ని బయటికి తోసే బలం) 45 శాతం అని వచ్చింది, ఉండాల్సినదానికంటే తక్కువే. పొద్దున్నే అరగంట నడుస్తారు. మొన్న రివ్యూకు పోతే డాక్టరుగారు స్ట్రెస్ థాలియం స్కాన్ (గుండెకు పని పెట్టి రక్తం సరిగా అందుతోందా అని చూసేది) రాశారు. నాయన ఒప్పుకోవడం లేదు. "నొప్పి ల్యాకుండా స్కానెందుకు, గుండ్రాయి మాదిరుండా" అంటారు. దానికి తోడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు అమ్మ మొక్కుకుంది, బాగైతే అలిపిరి నుంచి నడిచి కొండకు వస్తారని. ఇప్పుడు ఆయన ధ్యాసంతా ఆ మొక్కు మీదే. నాకు మాత్రం టెన్షన్. నొప్పి లేని మనిషికి ఆ స్కాన్‌లో ఏం తెలుస్తుంది? ఊరికే డబ్బు ఖర్చా, లేక నిజంగా అవసరమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తోతాపురి తోట — సోమవారం రాత్రి 10:15

చేయించు చెల్లెమ్మా, ఆలోచించొద్దు. మా అన్నకు ఇట్లాగే స్టెంట్ వేశారు, ఏడాది తర్వాత స్కాన్ తీస్తే ఇంకో పక్క రక్తం సరిగా పోవడం లేదని బయటపడింది. ఆయనకూ నొప్పి లేదు. మాది చిత్తూరు పక్కన పల్లె, మాకు వేలూరు దగ్గర కాబట్టి అక్కడికి పోయాం.

లెక్కల మాస్టారు, పలమనేరు — సోమవారం రాత్రి 11:05

అమ్మా, నేను వేరే మాట చెబుతాను, కోపగించుకోవద్దు. నాకు స్టెంట్ వేసి తొమ్మిదేళ్ళయింది. ఆ భయంతో ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను.

నొప్పి లేనివాళ్ళందరికీ ఇలా స్కాన్లు తీస్తే లాభం ఉందా అని పెద్ద పరీక్షలే జరిగాయి. కొరియాలో స్టెంట్ వేయించుకున్న వాళ్ళలో ప్రమాదం ఎక్కువగా ఉన్న 1706 మందిని తీసుకుని, సగం మందికి ఏడాది తిరిగేసరికి తప్పనిసరిగా స్ట్రెస్ పరీక్ష చేశారు, మిగతా సగానికి లక్షణాలుంటేనే చేశారు. రెండేళ్ళ తర్వాత మరణం, గుండెపోటు, అస్థిర ఆంజైనాతో (ఉన్నట్టుండి వచ్చే, ముదిరే గుండె నొప్పితో) ఆస్పత్రి పాలవడం అన్నీ కలిపి చూస్తే ఒక గుంపులో 5.5 శాతం, ఇంకో గుంపులో 6 శాతం. అంటే తేడా లేనట్టే. ఇది 2022లో వచ్చింది. అంతకుముందు 2009లో, గుండె జబ్బు లక్షణాలే లేని షుగర్ వాళ్ళు 1123 మంది మీద ఇంకోటి. స్కాన్ తీసిన వాళ్ళలో 22 శాతం మందికి ఏదో ఒక తేడా కనిపించింది కానీ, తీయించుకోని వాళ్ళకంటే వాళ్ళకు గుండెపోట్లు, మరణాలు చెప్పుకోదగ్గంతగా ఏమీ తగ్గలేదు. అమెరికా వాళ్ళ 2023 మార్గదర్శకాల్లో కూడా మనిషి పరిస్థితిలో మార్పేమీ లేకపోతే ఊరికే ఇన్ని నెలలకోసారి అని స్కాన్లు తీయొద్దనే ఉంది.

స్కాన్‌లో ఏదో మచ్చ కనిపిస్తుంది, దాని వెంట యాంజియోగ్రామ్, దాని వెంట ఇంకో స్టెంట్. ఆ దారిలో ఎక్కితే దిగడం కష్టం. మా బంధువు ఒకాయనను ఒక చోట "ప్యాకేజీ" పేరుతో మూడు నెలలకో పరీక్షకు తిప్పారు, చివరికి ఆయన మందులకు డబ్బుల్లేక వేసుకోవడం మానేశాడు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకుని ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) మానకుండా వేసుకోవడం ముఖ్యం. మీ నాయనగారి మాటలో న్యాయం ఉంది.

స్కాన్‌గది మనిషి — మంగళవారం ఉదయం 6:20

నేను తిరుపతిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నీషియన్‌ని. చేయించాలా వద్దా అనేది డాక్టర్లు చెప్పాలి, ఆ స్కాన్‌లో ఏం కనిపిస్తుందో నేను చెప్పగలను. రోజూ చేసే పని కదా.

అందరూ థాలియం స్కాన్ అనే అంటారు కానీ ఇప్పుడు ఎక్కువ చోట్ల వాడేది టెక్నీషియం. పాత రోజుల్లో థాలియం వాడేవాళ్ళు, పేరు అలా నిలిచిపోయింది. చేతి నరంలోకి మందు ఎక్కిస్తాం. రక్తం ఎక్కడిదాకా పోతే ఆ మందు అక్కడిదాకా పోయి గుండె కండరంలో పట్టుకుంటుంది. కెమెరా ఛాతీ చుట్టూ తిరుగుతూ ఆ మందు నుంచి వచ్చే కిరణాలను పట్టి బొమ్మ కడుతుంది. రెండు బొమ్మలు తీస్తాం. ఒకటి గుండె కష్టపడినప్పుడు, అంటే నడిపించి గానీ, నడవలేకపోతే అడినోసిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చి గానీ. ఇంకోటి విశ్రాంతిలో.

ఇక కంప్యూటర్లో గుండెను అడ్డంగా కోసిన ముక్కలు వరసగా కనిపిస్తాయి. అచ్చం గారెల్లా ఉంటాయి, మధ్యలో చిల్లు, చుట్టూ కండరం. బాగున్న గుండె అయితే గారె చుట్టూతా ఒకే రంగు. రెండు బొమ్మల్లోనూ ఒకే చోట కొరికినట్టు ఖాళీ ఉంటే అది మచ్చ, గుండెపోటులో చచ్చిపోయిన కండరం అని ఎక్కువగా అనుకోవాలి. కష్టపడినప్పుడు ఖాళీగా ఉండి విశ్రాంతిలో నిండిపోతే మాత్రం ఆ కండరం బతికే ఉంది, పని పడినప్పుడు దానికి రక్తం చాలడం లేదన్నమాట. ఈ రెండో రకం కనబడినప్పుడు పేషెంటును "నొప్పేమైనా ఉందా" అని అడిగితే చాలామంది "లేదే" అంటారు. దాన్నే నొప్పి లేని ఇస్కీమియా అంటారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మూడు నాళాలూ సమానంగా మూసుకుపోయి ఉంటే గారె అంతా ఒకేలా మసగ్గా ఉండి తేడా తెలియకుండా పోవచ్చు. పెద్ద డాక్టర్లు బొమ్మ ఒక్కటే చూసి తేల్చకుండా ఈసీజీ, బీపీ, పంపింగ్ అన్నీ కలిపి చూసేది అందుకే. ఏ పరీక్షయినా నూటికి నూరు కాదు.

పుత్తూరక్క — మంగళవారం ఉదయం 10:30

పాపా, నీ పోస్టు చదివి కళ్ళనీళ్ళు తిరిగాయి, మా అమ్మ కథ కూడా ఇదే. షుగర్ ఇరవై ఏళ్ళు. గుండెపోటు ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు. కంటి ఆపరేషన్‌కు ముందు ఎకో తీస్తే గుండె గోడ ఒక పక్క కదలడం లేదు, పాతది అన్నారు. ఎప్పుడు అని వెనక్కి తిరిగి లెక్కేస్తే, జాతరకు ముందు ఒక వారం రోజులు ఆమె "నీరసం, నీరసం" అని పడుకునేది, అదే అయ్యుండాలి. షుగర్ ఎక్కువ కాలం ఉంటే గుండెకు పోయే నరాలు మొద్దుబారిపోతాయి, కాళ్ళు తిమ్మిరెక్కినట్టే. లోపల గుండె అల్లాడుతున్నా పైకి కబురు రాదు.

మాస్టారు గారు చెప్పిన లెక్కలు నాకు తెలియవు. నేను అడిగేది ఒకటే. నాయనను నొప్పి ఉందా అని అడగొద్దు, లేదనే అంటారు. ఆయన ఏ పనులు మానేశారో చూడు. మా అమ్మ బావి దగ్గర నుంచి బిందె తేవడం మానేసి ఆరు నెలలైందని మేం గమనించనే లేదు. కోడలు తెస్తోందిలే అనుకున్నాం.

నైట్‌డ్యూటీ డాక్టరు — మంగళవారం రాత్రి 1:10

కార్డియాలజీలో చదువుతున్నాను. డ్యూటీలో కాస్త ఖాళీ దొరికింది. నాయనగారిని నేను చూడలేదు కాబట్టి ఇది సలహాగా కాకుండా సమాచారంగా తీసుకోండి.

ముందు నొప్పి సంగతి. గుండె కండరానికి రక్తం తక్కువైనప్పుడు మార్పులు ఒక వరసలో వస్తాయి. మొదట రక్తప్రసారంలో తేడా వస్తుంది, తర్వాత గుండె వదులయ్యే తీరు మారుతుంది, ఆ తర్వాత గోడ కదలిక తగ్గుతుంది, అప్పటికి గానీ ఈసీజీ మారదు, అన్నిటికన్నా ఆఖరుకు నొప్పి. కొందరిలో ఆ ఆఖరు మెట్టు రానే రాదు. నొప్పి కోసం ఎదురుచూడటమంటే వరసలో చివరి కబురు కోసం ఎదురుచూడటమే. స్కాన్ మొదటి మార్పునే పడుతుంది, స్ట్రెస్ ఎకో మూడో మార్పును పడుతుంది. ఊరికే నడిపించి ఈసీజీ చూసే టీఎంటీ కంటే ఇవి మెరుగని అనడానికి కారణం అదే. పైగా ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళలో ఈసీజీ ముందే మారిపోయి ఉంటుంది, టీఎంటీలో చదవడం కష్టమవుతుంది, ఏ గోడలో ఇబ్బందో అది చెప్పలేదు కూడా.

మాస్టారు గారూ, మీరు చెప్పినవి నిజమే, అంకెలు కూడా సరైనవే. ఒక తేడా మాత్రం చూడాలి. 2009 నాటి పరీక్షలోని వాళ్ళకు గుండె జబ్బు ఉందని అప్పటికి తెలియదు. గుండెపోటు వచ్చిపోయాక నొప్పి లేకుండా మిగిలిపోయే ఇస్కీమియా వేరే జాతి. పీటర్ కోన్ అనే అమెరికన్ వైద్యుడు ఎప్పుడో దీన్ని మూడు రకాలుగా విడదీశాడు, అందులో రెండో రకం ఇదే. దీని మీదే స్విట్జర్లాండ్‌లో ఒక చిన్న పరీక్ష జరిగింది. గుండెపోటు వచ్చిన కొత్తలో, నొప్పి లేకపోయినా స్ట్రెస్ స్కాన్‌లో ఇస్కీమియా తేలిన 201 మందిని తీసుకుని కొందరికి బెలూన్ వైద్యం (నాళాన్ని బెలూన్‌తో తెరవడం), మిగతావాళ్ళకు మందులు ఇచ్చారు. పదేళ్ళకు పైగా చూశారు. గుండె వల్ల మరణం, మళ్ళీ గుండెపోటు, మళ్ళీ నాళం తెరవాల్సి రావడం లాంటివి మందుల గుంపులో 105 మందికి 67 జరిగితే బెలూన్ గుంపులో 96 మందికి 27. 2007లో వచ్చిన ఫలితం. అయితే అందులో చేరినవాళ్ళు 1990ల వాళ్ళు, ఇప్పుడున్నంత గట్టి మందులు అప్పుడు లేవు, సంఖ్య కూడా తక్కువ. అదొక్కటే పట్టుకుని అందరికీ స్టెంట్ అనడం తప్పు.

ఎందుకంటే 2020లో వచ్చిన పెద్ద పరీక్షలో 5179 మంది ఉన్నారు, స్ట్రెస్ పరీక్షలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఇస్కీమియా ఉన్నవాళ్ళే, అందులో మూడో వంతు మందికి అంతకుముందు నెలలో నొప్పే లేదు. ముందే యాంజియోగ్రామ్‌కు తీసుకెళ్ళినా, మొదట మందులతో చూసినా మరణాలు, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ గుండెపోటు వచ్చి రెండు నెలలు దాటనివాళ్ళను అందులో చేర్చుకోలేదు. ఇంకోవైపు 2019లో 4041 మంది మీద జరిగింది ఒకటి ఉంది. పెద్ద గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని తెరిచాక, మిగతా నాళాల్లోని పెద్ద అడ్డంకులను కూడా తెరిస్తే మూడేళ్ళలో మళ్ళీ గుండెపోటు, గుండె మరణం 10.5 శాతం నుంచి 7.8 శాతానికి తగ్గాయి. నాయనగారి కుడి నాళం కథ దీనికి దగ్గరగా ఉంది.

అందుకని నా ప్రశ్న పుత్తూరక్క ప్రశ్నే. ఈ ఐదు నెలల్లో ఆయనలో ఏమైనా మారిందా? మెట్లెక్కేటప్పుడు, బరువు మోసేటప్పుడు, తిన్న వెంటనే నడిచేటప్పుడు? ఆయాసం, చెమట, మామూలుకు మించిన అలసట, వీటన్నిటినీ నొప్పికి బదులుగా వచ్చేవిగానే చూస్తాం.

చంద్రగిరి పాప — శుక్రవారం రాత్రి 8:50

మూడు రోజులు రాయలేదు, గమనిస్తూ కూర్చున్నాను. పుత్తూరక్కా, మీకు దండం పెట్టాలి.

మేం ఉండేది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మొదటి అంతస్తు దాటాక మెట్ల మలుపులో ఒక చిన్న కిటికీ ఉంది, అందులోంచి దూరంగా కొండ కనబడుతుంది. నాయన రోజూ పాలు తెచ్చేటప్పుడు అక్కడ ఆగి కొండకు దండం పెట్టుకుని వస్తారు. భక్తి అనుకున్నాం. బుధవారం నేను కింద నుంచి చూశాను. దండం అయిపోయాక కూడా కిటికీ ఊచ పట్టుకుని నిలబడే ఉన్నారు. భుజం మీది తువ్వాలు తీసి మెడ వెనక తుడుచుకున్నారు. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నారు. పాల కవరు పక్కనున్న మెట్టు మీద పెట్టి ఉంది. అదంతా నేను లెక్కపెట్టాను, దాదాపు నిమిషంన్నర. తర్వాత కవరు తీసుకుని మిగతా మెట్లు ఎక్కి లోపలికి వచ్చేటప్పటికి మామూలుగా "కాఫీ పెట్టండి" అన్నారు.

అమ్మను అడిగితే అలా ఆగడం మొదలై రెండు నెలలైందంది. ముందు ఆగేవారు కాదు. పొద్దున నడక కూడా చంద్రగిరి కోట వైపు ఎత్తుగా ఉంటుందని మానేసి చదునుగా ఉన్న రోడ్డుకు మార్చుకున్నారట. మాకు చెప్పలేదు.

రాత్రి పక్కన కూర్చుని నిదానంగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "బస్సు ఎత్తెక్కేటప్పుడు ఇంజను గుంజుకుంటే డ్రైవరుకు తెలుస్తాది పాపా. నాకూ తెలుస్తా ఉండాది. చెప్తే మొక్కు వద్దంటారని గమ్మునుండా" అన్నారు.

లెక్కల మాస్టారు, పలమనేరు — శుక్రవారం రాత్రి 9:30

అమ్మా, ఇది చదివాక నా మాట మార్చుకుంటున్నాను. నేను చెప్పింది మార్పేమీ లేనివాళ్ళ గురించి. మీ నాయనగారికి మార్పు వచ్చింది, ఇక ఆలస్యం చేయొద్దు. స్కాన్ అయ్యేదాకా మెట్లెక్కకుండా చూసుకోండి.

నైట్‌డ్యూటీ డాక్టరు — శుక్రవారం రాత్రి 11:45

అవును, ఇప్పుడు పరీక్షకు గట్టి కారణం ఉంది. స్కాన్ తేదీ దాకా ఆగకుండా రేపే మీ డాక్టరుకు ఫోన్ చేసి ఈ మెట్ల సంగతి మొత్తం, కిటికీతో సహా, మీరు రాసినట్టే చెప్పండి. విశ్రాంతిలో ఉన్నప్పుడు గానీ రాత్రి పడుకున్నప్పుడు గానీ ఆయాసం, చెమట వస్తే స్కాన్ మాట పక్కన పెట్టి 108కి ఫోన్ చేసి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళాలి. ఆ స్థితిలో స్ట్రెస్ పరీక్ష చేయకూడదు.

అలిపిరి నడక — శనివారం ఉదయం 5:50

నేను వారానికోసారి అలిపిరి దారిలో ఎక్కేవాణ్ణి, అందుకే రాస్తున్నాను. 3550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మొదట్లోనే గాలిగోపురం దాకా ఏకబిగిన ఎత్తు, అక్కడే సగం మంది కూలబడతారు. అది దాటాక చాలా దూరం చదునుగా ఉంటుంది కాబట్టి అయిపోయిందనుకుంటారు, కానీ చివర్లో మోకాళ్ళ పర్వతం ఉంటుంది. ఇంకో దారి శ్రీవారి మెట్టు 2388 మెట్లే, రెండు కిలోమీటర్లు దాటి కొంచెమే, కానీ నిలువుగా ఎక్కాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు నడక దారిలో రావద్దని టీటీడీ వాళ్ళే చెబుతుంటారు. మెట్ల మలుపులో ఆగుతున్న మనిషికి ఇది వద్దే వద్దు. స్వామి ఏమీ అనుకోడు, మొక్కు అమ్మ చేత తీర్పించండి.

తోతాపురి తోట — శనివారం ఉదయం 7:15

చెల్లెమ్మా, ఖర్చు విషయం. తిరుపతిలో స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ ఉంది, మా తమ్ముడి మామ అక్కడే తీయించుకున్నారు. ఎన్టీఆర్ వైద్యసేవ (మనమంతా ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాం) కింద ఏమేం వస్తాయో ముందుగానే ఆరోగ్యమిత్రను అడగండి, స్కాన్ వేరు, తర్వాత చేసే వైద్యం వేరు. పాత రిపోర్టులు, యాంజియోగ్రామ్ సీడీ తప్పకుండా పట్టుకుపోండి. మేం సీడీ మర్చిపోయి ఒక రోజంతా పోగొట్టుకున్నాం.

ఇంకో అనుమానం, స్కాన్‌గది అన్నకు. ఆ రేడియేషన్ మందు ఎక్కించాక మనిషి దగ్గర చిన్నపిల్లలు ఉండొచ్చా? మా అన్న ఆ రోజు మనవడిని ఎత్తుకున్నాడని ఇంట్లో పెద్ద గొడవైంది.

స్కాన్‌గది మనిషి — శనివారం మధ్యాహ్నం 2:10

మంచి ప్రశ్న. టెక్నీషియం ఆరు గంటలకోసారి సగమవుతుంది. ఒక రోజు గడిస్తే పదహారో వంతే మిగులుతుంది, అందులోనూ కొంత మూత్రంలో పోతుంది. నీళ్ళు బాగా తాగమని, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళమని అందుకే చెబుతాం. ఆ ఒక్క రోజు చంటిపిల్లలను ఒళ్ళో ఎక్కువసేపు పెట్టుకోవద్దు, గర్భిణులకు కాస్త దూరంగా ఉండాలి. ఒకసారి ఎత్తుకున్నాడని భయపడాల్సిన పనిలేదు. మొత్తం స్కాన్‌కు పేషెంటుకు తగిలేది సుమారు 10 మిల్లీసీవర్టులు. మామూలుగా భూమి నుంచి, ఆకాశం నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 తగులుతుంది. అంటే నాలుగేళ్ళది ఒకేసారి. అవసరమైనవాళ్ళకు ఇది పెద్ద లెక్క కాదు, అవసరం లేకుండా ఏటా తీయించుకోవడానికి మాత్రం తక్కువేమీ కాదు.

పాపా, మీకు జాగ్రత్తలు చెబుతాను. ముందురోజు నుంచే, అంటే 24 గంటలు, కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్ ఏవీ వద్దు. మీ నాయనగారు కాఫీ మనిషిలా ఉన్నారు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "ఒక్క గుక్కే సార్" అంటారు, ఆ ఒక్క గుక్కకే అడినోసిన్ సరిగా పనిచేయక మళ్ళీ ఇంకో రోజు రమ్మనాల్సి వస్తుంది. ఆయాసానికి డెరిఫిలిన్ లాంటి మాత్రలు వాడుతుంటే, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. గుండె వేగం తగ్గించే మాత్ర ఆ రోజు వేసుకోవాలా మానాలా అన్నది డాక్టరే చెప్పాలి, మీరుగా ఆపొద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ కూడా అడిగి తెలుసుకోండి, ఖాళీ కడుపుతో ఇన్సులిన్ వేసుకుని వచ్చి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళను చూశాను. ముందు గుండీలున్న వదులు చొక్కా వేయండి. సగం రోజు పడుతుంది, తోడుగా ఒకరు ఉండాలి.

పుత్తూరక్క — శనివారం రాత్రి 9:00

ఎంఆర్ఐలో కూడా చూడొచ్చంటారు కదా, స్టెంట్ ఉంటే కుదరదా?

నైట్‌డ్యూటీ డాక్టరు — ఆదివారం రాత్రి 12:30

కుదురుతుంది అక్కా. ఇప్పుడు వేసే స్టెంట్లతో ఎంఆర్ఐ తీయడానికి ఇబ్బంది లేదు. మచ్చ ఎంత లోతుగా ఉందో చూడటానికి అది చాలా బాగా పనికొస్తుంది, రేడియేషన్ ఉండదు. కానీ స్ట్రెస్ ఎంఆర్ఐ అన్ని చోట్లా చేయరు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు రంగు మందు విషయంలో ఆలోచించాలి. స్ట్రెస్ ఎకో చవక, రేడియేషన్ లేదు, చేసేవాళ్ళ చెయ్యి తిరిగి ఉండాలి. ఊళ్ళో ఏది బాగా చేస్తారో అదే మంచి పరీక్ష.

చంద్రగిరి పాప — గురువారం రాత్రి 9:15

స్కాన్ నిన్న అయింది. మాస్టారు చెప్పినట్టు ఈ రోజుల్లో పాలు నేనే తెచ్చాను, ఆయన్ను కిందికి దిగనివ్వలేదు. కాఫీ లేకుండా ఒక రోజు ఉంచడానికి అమ్మ ఇంట్లో కాఫీ పొడి డబ్బానే పక్కింట్లో ఇచ్చి వచ్చింది.

నడిపించలేదు, అడినోసిన్ ఇచ్చారు. మొహమంతా వేడెక్కి, గొంతు దగ్గర పట్టేసినట్టయిందట, నాలుగైదు నిమిషాల్లో సర్దుకుంది. డాక్టరుగారు పక్కనే నిలబడి ఈసీజీ చూస్తూ ఉన్నారు. తర్వాత చేతులు తలపైకి పెట్టుకుని కెమెరా కింద పడుకోవాలి కదా, నాయన అందులో గురక పెట్టి నిద్రపోయారు. మధ్యాహ్నం విశ్రాంతి బొమ్మ కూడా అయ్యాక, నేను బతిమాలితే బొమ్మలు ఆయనకు కూడా చూపించారు. గారెలే! స్కాన్‌గది అన్నా, మీరు చెప్పకపోయుంటే నాకేమీ అర్థమయ్యేది కాదు.

పై వరసలో, అంటే కష్టపడినప్పటి బొమ్మల్లో, గారె కింది వైపు రంగు వెలిసిపోయి ఉంది. కింది వరసలో అదే చోట నిండుగా ఉంది. ముందువైపు, కొన దగ్గర, చిన్న ఖాళీ రెండు వరసల్లోనూ అలాగే ఉంది. అది పాత గుండెపోటు మచ్చ అన్నారు. కిందిది కుడి నాళం వైపు, బతికున్న కండరమే, కానీ ఎడమ గదిలో దాదాపు 12 శాతం మేర రక్తం చాలడం లేదని రిపోర్టులో రాశారు. నాయన తెర దగ్గరికి వంగి ఆ వెలిసిన చోట వేలు పెట్టి "ఇదేనా కిటికీ కాడ నన్ను నిలబెట్టింది" అని అడిగారు. డాక్టరుగారు అవునన్నారు. ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు కూడా ఛాతీలో నొప్పి రాలేదని రాసుకున్నారు.

ఇప్పుడు స్టెంటా, మందులా అన్నది యాంజియోగ్రామ్‌లో ప్రెషర్ వైరు పెట్టి చూసి తేలుస్తామన్నారు. మాస్టారు గారూ, మీరు చెప్పిన పెద్ద పరీక్ష గురించి నేనే అడిగాను. ఆయన విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు.

లెక్కల మాస్టారు, పలమనేరు — గురువారం రాత్రి 10:00

ఏం చెప్పారో కాస్త వివరంగా రాయమ్మా. ఇక్కడ చదివే చాలామందికి పనికొస్తుంది.

చంద్రగిరి పాప — శుక్రవారం ఉదయం 7:30

నాకు అర్థమైనంతలో రాస్తాను. స్కాన్‌లో తేడా కనబడిన ప్రతివాళ్ళకూ స్టెంట్ వేయడం తమ పద్ధతి కాదన్నారు. కానీ నాయనకు గుండెపోటు వచ్చి ఏడాది కాలేదు, వదిలేసిన నాళం ఒకటుంది, పంపింగ్ ముందే తగ్గి ఉంది, ఆయాసం కొత్తగా మొదలైంది, స్కాన్‌లో తేలిన చోటు సరిగ్గా ఆ నాళానిదే. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి వైరుతో కొలుద్దాం అన్నారు. అడ్డంకికి అవతల ఒత్తిడి ఇవతలి దానిలో 0.80 లేక అంతకన్నా తక్కువ ఉంటే ఆ అడ్డంకి నిజంగా రక్తాన్ని ఆపుతోందని లెక్క. అంతకంటే ఎక్కువ ఉంటే స్టెంట్ వేయకుండా బయటికి వచ్చేస్తాం, మందులు పెంచుతాం అన్నారు. ఏదైనా సరే స్టాటిన్, షుగర్ మందులు జీవితాంతం ఉంటాయని నాయనకు రెండుసార్లు చెప్పారు.

చంద్రగిరి పాప — పదహారు రోజుల తర్వాత

ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. వైరు పెట్టి చూస్తే 0.72 వచ్చింది. కుడి నాళంలో ఒక స్టెంట్ వేశారు, మూడో రోజు ఇంటికి పంపారు. గుండె వేగం తగ్గించే మాత్ర డోసు మార్చారు.

నిన్న మళ్ళీ కింద నుంచి చూశాను. కిటికీ దగ్గర ఆగారు, దండం పెట్టుకున్నారు, పాల కవరు చేతిలోనే ఉంది, ఎక్కేశారు.

మొక్కు మా అమ్మ తీర్చింది, నేను తోడు వెళ్ళాను. గాలిగోపురం దగ్గర ఇద్దరం కూలబడ్డాం, అలిపిరి అన్న చెప్పినట్టే. నాయన బస్సులో వచ్చారు. పాత సహోద్యోగి నడుపుతున్న బస్సట, డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుని ప్రతి మలుపులో గేరు మార్చమని చెబుతూ వచ్చారని ఆ డ్రైవరే పైన మాకు చెప్పాడు.

మళ్ళీ స్కాన్ ఎప్పుడని అడిగితే, ఇలా ఏమైనా మారితేనే, లేకపోతే అక్కర్లేదు అన్నారు. మాస్టారు గారూ, మీరు సంతోషిస్తారని రాశాను.

పుత్తూరక్క — అదే రోజు రాత్రి 8:20

పాపా, కడుపు నిండింది. ఇక నుంచి మెట్లమీద అమ్మను కూడా ఒక కంట చూడు.